ఖాళీజాగా చరిత్ర

కంప్యూటరులోని డిస్కును అంచుదాక నింపరాదనియు, ఎంతో కొంత జాగా ఎల్లప్పుడు ఖాళీగా విడువవలయుననియు చెప్పు హితవును మన పట్టణములలో కంప్యూటర్లు బాగుచేయు ప్రతివాని నోటను వినవచ్చును. సికింద్రాబాదు పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగములు కొని, అక్కడనే యంత్రమును కూర్పించుకొని, ఇంటికి బయలుదేరు కుఱ్ఱవానితో బిల్లు చేతికిచ్చుచు దుకాణమువాడు చెప్పు కడపటి మాట తఱచుగా ఇదియే: “గేములన్నీ డీలో వేసుకో తమ్ముడూ, సీ డ్రైవు మాత్రం నింపకు, స్లో అయిపోద్ది.” ఆ మాట చెప్పినవానికి మఱియొకరు చెప్పినది, ఆ మఱియొకరికి అంతకు ముందువారు చెప్పినది. ఇట్లు నోటినుండి నోటికి సంక్రమించుచు వచ్చిన యీ యాచారమునకు నలువది సంవత్సరములకు పైబడిన చరిత్ర కలదు. ఈ నడుమ దాని క్రిందనున్న యంత్రమే మాఱిపోయినది. గిఱ్ఱున తిరుగు పళ్లెముల స్థానమున, కదలికయే ఎఱుగని సిలికాను చిప్పులతో కూర్చిన ఎస్‌ఎస్‌డీలు వచ్చి కూర్చున్నవి. యంత్రము మాఱినను ఆచారము నిలిచినది. అది నిలిచియున్న కారణము మాత్రము మునుపటిది కాదు. కారణము నెఱుగక ఆచారమును పాటించువారు కొందఱు, పాత కారణము పోయినది గావున ఆచారమును త్రోసిపుచ్చువారు కొందఱు. నూఱేసి జీబీల గేములతో ఎస్‌ఎస్‌డీని నింపినచో దాని వేగము తగ్గునా యను ప్రశ్నకు వీరిద్దఱి సమాధానములును చాలవు. సరియైన సమాధానము ఈ ఖాళీజాగా చరిత్రలోనే యున్నదని నా నమ్మకము.

పళ్లెముల కాలమును ముందుగా చూతము. 1956లో ఐబీఎం సంస్థ కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున నిర్మించిన రామాక్ యంత్రమునందు రెండడుగుల వ్యాసము గల పళ్లెములు ఏబది యొకే ఇరుసుపై తిరుగుచుండెను. ఆ ఏబదింటిలోను కలిసి పట్టిన సమాచారము ఏబది లక్షల అక్షరములు. కోరిన అక్షరమును చేరుటకు, చదువు ముల్లును మోయు చేయి పళ్లెమునుండి పళ్లెమునకు ఎక్కుచు దిగుచు, సుమారు 0.6 సెకను తీసికొనెడిది. తరువాతి దశాబ్దములలో పళ్లెములు అఱచేతికంటె చిన్నవైనవి, చేయి మిక్కిలి చుఱుకైనది, సమాచారము కోట్ల రెట్లుగా దట్టించబడినది. అయినను పళ్లెము తిరుగవలయును, చేయి కదలవలయును అను మూలధర్మము మాత్రము మాఱలేదు. సమాచారమెంత యున్నదనుటకంటె, అది పళ్లెముపై ఎక్కడెక్కడ చెదరియున్నదనునదియే వేగమును నిర్ణయించెడిది.

ఈ ధర్మమును లెక్కలోనికి తీసికొని, కొంత జాగాను ఖాళీగా విడుచుటను ఒక నియమముగా స్థాపించినవారు బర్క్‌లీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు. మార్షల్ మెక్యూసిక్, విలియమ్ జాయ్, శామ్యూల్ లెఫ్లర్, రాబర్ట్ ఫాబ్రీ అను నలుగురు యూనిక్సునకై తాము రూపొందించిన ఫైలు వ్యవస్థను 1984లో వర్ణించుచు, డిస్కులో పదింట ఒక పాలు సామాన్యులైన వాడుకరులకు అందకుండ అట్టిపెట్టు నేర్పాటును వివరించిరి. జాగా పూర్తిగా అయిపోయినచో, ఒక ఫైలుయొక్క ముక్కలను దగ్గఱదగ్గఱగా ఉంచుటకు చోటు చిక్కక, పని వేగము సగమునకు పడిపోవునని వారు కనుగొనిరి. వారి నియమమే రూపాంతరములతో తరువాతివారికి సంక్రమించినది. 1993లో లినక్సునకు వచ్చిన ఈఎక్స్‌టీ2 వ్యవస్థ నూటికి ఐదు పాళ్లు అట్టిపెట్టెను. విండోస్ ఎక్స్‌పీలో, చెదరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చు డీఫ్రాగ్ ఉపకరణము నూటికి పదునైదు పాళ్లు ఖాళీ లేనిదే తన పనిని సంపూర్ణముగా చేయజాలకుండెను. విండోస్ విస్టా కాలమునుండి, పదింట ఒక పాలుకంటె తక్కువ మిగిలినపుడు డ్రైవు ప్రక్కనున్న నీలపు పట్టీ ఎఱ్ఱబడసాగెను. ఆ ఎఱ్ఱపట్టీని చూచి కంగారుపడని వాడుకరి లేడు.

మన ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లు వెలసిన దినములను చూచినవారికి డీఫ్రాగ్ తెఱ జ్ఞాపకముండక మానదు. యజమాని రాత్రి షట్టరు సగము దించి, ఒక్కొక యంత్రమున ఆ ఉపకరణమును నడిపి విడిచినపుడు, తెఱపై ఎఱుపు, నీలము, ఆకుపచ్చ రంగుల చిన్నచిన్న గడులు ఒకచోట మాయమగుచు మఱియొకచోట పొడసూపుచు, చెదరియున్నవన్నియు గంటల తరబడిగా క్రమమునకు వచ్చుచుండెడివి. డ్రైవులో ఖాళీ లేనిచో ఆ గడులకు కదలుటకే చోటుండెడిది కాదు. పళ్లెముయొక్క వెలుపలి చుట్టులో పట్టు సమాచారము లోపలి చుట్టులో పట్టుదానికంటె చాల ఎక్కువ గావున, ఒక్క తిరుగుడులో వెలుపల చదువబడునది ఎక్కువ, లోపల తక్కువ. సీ డ్రైవు సాధారణముగా వెలుపలి భాగమునకును, డీ డ్రైవు లోపలి భాగమునకును వచ్చెడివి. అందుచేత సీని విండోసునకు విడిచి, గేములను డీలోనికి పంపుమన్న దుకాణమువాని మాటకు ఆనాడు బలమైన ఆధారము కలదు. శాస్త్రము తెలియకపోయినను, అనుభవము ఆతనిచేత సత్యమునే పలికించినది.

గేములు పెరిగిన తీరును కూడ ఇచ్చట చెప్పవలయును. 1985లో నింటెండో సంస్థ వెలువరించిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట సమస్తమును 40 కేబీలలో ఇమిడినది. 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ మఱుసటి యేటికి 200 జీబీలు దాటినది, అనగా సుమారు ఏబది లక్షల రెట్లు. ఈ పెరుగుదల అంతయు బొమ్మల నాణ్యతవలన కలిగినదే యని యనుకొనరాదు. పళ్లెముపై చేయి కదలికను తగ్గించుటకు, గేము నిర్మాతలు ఒకే వస్తువుయొక్క సమాచారమును పలుచోట్ల మఱల మఱల వ్రాసి ఉంచెడివారు; ఆటగాడు ఏ వీధికి పోయినను ఆ వీధి దీపము, ఆ వీధి తపాలాపెట్టె దగ్గఱలోనే దొరకవలయునని వారి తలంపు. ప్లేస్టేషన్ 5 యంత్రమునకు ప్రధాన శిల్పియైన మార్క్ సెర్నీ 2020 మార్చిలో చేసిన ఉపన్యాసమున, స్పైడర్‌మ్యాన్ గేములో కొన్ని సమాచార ఖండములు హార్డుడిస్కుపై 400 సార్లు వ్రాయబడియున్నవని చెప్పెను. పళ్లెములు నెమ్మదివైనందున గేములు ఉబ్బినవి; గేములు ఉబ్బినందున పళ్లెములు నిండినవి; నిండినందున అవి మఱింత నెమ్మదించినవి.

ఇక సిలికాను కథ. 1967లో బెల్ పరిశోధనాలయమున డావన్ కాంగ్, సైమన్ జీ అను ఇరువురు, ట్రాన్సిస్టరులోపల నలువైపుల విద్యుద్బంధకపు పొరచే చుట్టబడిన ఒక లోహఖండమున ఎలక్ట్రానులను బంధించి, విద్యుత్తు ఆగిపోయినను అవి అందే నిలిచియుండునట్లు చేయవచ్చునని నిరూపించిరి. ఎలక్ట్రానులుండుట ఒక సంజ్ఞ, లేకుండుట వేఱొక సంజ్ఞ. 1971లో ఇంటెల్ సంస్థయందు డొవ్ ఫ్రోమన్ ఈ సూత్రముపై నిర్మించిన చిప్పునకు నెత్తిన స్ఫటికపు కిటికీ యొకటి యుండెడిది. వ్రాసినదానిని చెఱుపవలయునన్న చిప్పును యంత్రమునుండి ఊడదీసి, ఆ కిటికీగుండ అతినీలలోహిత కాంతిని నిమిషముల కొలది ప్రసరింపజేయవలసియుండెను. ఇట్టి చిప్పులు డిస్కుల స్థానమున నిలుచునని ఆనాడు ఊహించినవారు అరుదు.

ఊహించినవాడు జపానుదేశీయుడగు ఫుజియో మసువోకా. తోషిబా సంస్థలో ఇంజనీరుగా నుండి, 1984లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎలక్ట్రాను పరికరముల మహాసభయందు ఆతడు ఫ్లాష్ మెమరీని ప్రకటించెను. 1987లో దానికంటె చౌకయైన, దట్టమైన నాండ్ రూపమును ప్రకటించెను. నేడు మన జేబులోని ఫోను మొదలుకొని బల్లపైనున్న ఎస్‌ఎస్‌డీ వఱకు సర్వమును ఈ రెండవ రూపముపైననే ఆధారపడియున్నవి. ఇంతటి ఉపకారము చేసినవానికి దక్కిన ప్రతిఫలమును తలచినపుడు మనస్సు కలుక్కుమనును. 1994లో ఆతడు ఆ సంస్థను వీడి తోహొకు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. తన కల్పనకు తగిన పారితోషికము కోరుచు 2004లో న్యాయస్థానమునకెక్కెను. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్లకు రాజీ కుదిరినది. ఇంత విస్తృతముగా వాడబడుచున్న వస్తువునకు ఇది చాల స్వల్పమైన మూల్యమని నేను దృఢముగా తలంతును.

నాండ్ చౌకయగుటకు కారణము, అందలి కణములు గొలుసుకట్టుగా ఒకదాని నొకటి పట్టుకొని, తీగెల ఖర్చును తగ్గించుటయే. ఆ పొదుపునకు చెల్లించిన మూల్యము వేఱొకటి కలదు. వ్రాయుట పుటలుగా జరుగును. చెఱుపుట మాత్రము వందల కొలది పుటలు చేరిన ఖండముగా, అనగా బ్లాకుగా జరుగవలయును. బడిపిల్లవాని పలకపై ఒక్క అక్షరమును దిద్దుటకు వేలితో తుడిచిన చాలును. ఇచ్చట ఒక్క అక్షరము మాఱవలయునన్న పలకనంతయు కడుగవలయును, కడుగుటకు ముందు పనికివచ్చు తక్కిన అక్షరములన్నిటిని వేఱొక పలకపై ఎక్కించుకొనవలయును. వేఱొక ఖాళీ పలక లేనిచో పని నిలిచిపోవును. ఎస్‌ఎస్‌డీకి ఖాళీజాగా ఏల కావలయునను ప్రశ్నకు మూలమైన సమాధానము ఇదియే. పైగా పుటను చదువుటకు మైక్రోసెకనులు పదుల కొలది చాలును గాని, బ్లాకును చెఱుపుటకు మిల్లీసెకనులు పట్టును. ఒక బ్లాకును చెఱుపు పర్యాయముల సంఖ్యకు పరిమితియు కలదు.

ఈ చిక్కును కంప్యూటరునకు తెలియనీయక తనలో దాచుకొను దుబాసి వంటి ఏర్పాటు ఇజ్రాయెలుదేశపు ఎమ్-సిస్టమ్స్ సంస్థలో రూపొందినది. దానికి అమీర్ బాన్ పేర 1995లో పేటెంటు వచ్చినది. కంప్యూటరు “ఫలానా చోట వ్రాయుము” అని యాజ్ఞాపించును. డ్రైవులోని కంట్రోలరు ఆ చోటును చెఱుపక, క్రొత్తగా మఱియొక పుటలో వ్రాసి, పాతదానిని మృతపుటగా గుర్తుపెట్టుకొని, ఏది ఎక్కడ నున్నదో తెలుపు పట్టికను సవరించుకొనును. మృతపుటలు పెరిగినపుడు, జీవించియున్న పుటలను వేఱొక బ్లాకునకు తరలించి, పాత బ్లాకును చెఱిపి, మఱల వాడుకలోనికి తెచ్చును. అంతకుముందే, 1991లో, సన్‌డిస్క్ సంస్థ 20 ఎంబీల ఫ్లాష్ డ్రైవును ఐబీఎం వారికి సుమారు వేయి డాలర్లకు అమ్మినది.  

మృతపుటల నేరివేయు ఈ పనియొక్క ఖర్చును, ఫ్లాష్ డ్రైవులు బజారునకు వచ్చుచున్న ఆ 1991లోనే, ఫ్లాష్‌తో నిమిత్తము లేకయే లెక్కగట్టినవారు మరల బర్క్‌లీవారే యగుట ఆశ్చర్యకరము. మెండెల్ రోజెన్‌బ్లమ్, జాన్ ఔస్టర్‌హౌట్ అను ఇరువురు పళ్లెముపై సర్వమును చిట్టావలె వరుసగా వ్రాసికొనిపోవు ఫైలు వ్యవస్థను నిర్మించి, వెనుక మిగిలిన చెత్తను ఊడ్చుటకగు శ్రమను విచారించిరి. వారి విచారమును ఫ్లాష్‌కు అన్వయించి చూడుడు. నూఱు పుటల బ్లాకులో ఏబది సజీవముగా నున్నచో, ఏబది పుటలను తరలించిన ఏబది పుటల ఖాళీ దొరకును. క్రొత్త పుట యొకటికి వ్రాత రెండు. ఎనుబది సజీవమైనచో ఒకటికి ఐదు. తొంబది సజీవమైనచో, పది పుటల ఖాళీకై తొంబదింటిని మోయవలయును, ఒకటికి పది. ఖాళీ సగమునకు తగ్గిన శ్రమ రెట్టింపగుచున్నది. కనుకనే కడపటి పదిపాళ్ల జాగాలో కలుగు మందగమనము, మొదటి డెబ్బదిపాళ్లలో అంతగా కానరాదు.

అయితే ఆ యిరువురు మఱియొక సూక్ష్మమును కూడ పట్టిరి; నా దృష్టిలో గేముల ప్రశ్నకు అదియే ప్రాణము. దినదినము మాఱు సమాచారము వేడిది, ఒకసారి వ్రాసిన పిమ్మట కదలనిది చల్లనిది. ఈ రెండింటిని వేర్వేఱుగా ఉంచినచో ఊడ్పుపని ఎంతయో తేలికపడునని వారు చూపిరి. గేము చల్లని సమాచారమునకు ఉత్తమోదాహరణము. ఒక్కసారి దిగుమతి యగును. ఆపై మాసముల తరబడి చదువబడుటయే గాని తిరిగి వ్రాయబడుట యరుదు. అట్టి పుటలతో నిండిన బ్లాకులో మృతపుటలే యుండవు గావున, ఊడ్చువానికి అచ్చట పనియే లేదు. ఇక చదువుట విషయమునకు వచ్చినచో, డ్రైవు నిండియున్నంతమాత్రమున ఒక పుటను చదువు కాలము పెరుగదు. చేయి లేదు, ఇరుసు లేదు, వెలుపలి చుట్టు లోపలి చుట్టు అను భేదము లేదు. గేము తెఱచుకొను వేగము నిండిన డ్రైవున తగ్గుననుట పళ్లెముల కాలమునుండి మిగిలిన భయము.

మఱి భయమునకు క్రొత్త ఆధారము ఎట్లు వచ్చినది? 2008లో ఇంటెల్ వెలువరించిన ఎక్స్25-ఎమ్ వంటి డ్రైవులు ఇండ్లలోనికి వచ్చిన పిమ్మట, కొన్ని నెలల వాడుకకే అవి మందగించుచున్నవను మాట పుట్టెను. కారణము విచిత్రమైనది. వాడుకరి ఒక గేమును తొలగించినపుడు, ఫైలు వ్యవస్థ తన పట్టికలో దాని పేరు కొట్టివేసి యూరకుండెడిది. డ్రైవునకు ఆ వార్త చేరెడిది కాదు. కంట్రోలరు ఆ గేముయొక్క ప్రతి పుటను సజీవమనియే భావించి, ఊడ్చునపుడెల్ల దానిని భద్రముగా మోసికొని తిరిగెడిది. తెఱపై సగము ఖాళీగా కనబడు డ్రైవు లోలోపల నిండుకుండయై యుండెడిది. 2009లో విండోస్ 7తో ట్రిమ్ అను ఆజ్ఞ ప్రచారములోనికి వచ్చి, తొలగించిన పుటల వార్త డ్రైవునకు చేరసాగినది. దానికి తోడు, జీబీని నూఱుకోట్ల బైట్లుగా లెక్కించి అమ్ముచు, లోపల మాత్రము 1,07,37,41,824 బైట్ల లెక్కన చిప్పులు ఉంచుటచేత, నూటికి ఏడు పాళ్లకు పైబడిన గుప్తమైన జాగా అనేక డ్రైవులలో కంట్రోలరునకు దక్కుచున్నది. బర్క్‌లీవారి పదింట ఒక పాలు, ఇట్లు కొంతవఱకు కర్మాగారముననే అమర్పబడినది.

అంతటితో కథ ముగియవలసినదే గాని, చౌకదనముకై సాగిన పరుగు దానిని పొడిగించినది. ఒక కణమున ఒక సంజ్ఞకు బదులు రెండు, మూడు, తుదకు నాలుగు సంజ్ఞలు ఇమిడింపబడినవి. నాలుగింటికి పదునాఱు వేర్వేఱు విద్యుత్‌స్థాయిలను గుర్తింపవలయును గావున వ్రాత మిక్కిలి నెమ్మదించినది. దీనిని కప్పిపుచ్చుటకు నిర్మాతలు ఖాళీగానున్న కణములను తాత్కాలికముగా ఒక్కొక సంజ్ఞకే వాడి, వచ్చినదానిని అందు వడిగా దింపుకొని, తీఱికవేళ నాలుగేసిగా సర్దుకొను ఉపాయమును పన్నిరి. ఇచ్చట ఖాళీజాగాయే వేగము. 2018లో వచ్చిన ఇంటెల్ 660పీ యొక్క 1 టీబీ డ్రైవున, ఖాళీగా నున్నపుడు ఇట్టి వేగపు జాగా సుమారు 140 జీబీలు. నిండినకొలది తఱుగుచు తుదకు 12 జీబీలే మిగులును. ఆ పండ్రెండును దాటి వ్రాసినచో వేగము సెకనునకు 100 ఎంబీల చెంతకు, అనగా పాత పళ్లెముల స్థాయికి దిగిపోవును. ఖాళీ డ్రైవున 100 జీబీల గేము చుఱుకుగా దిగును. నిండిన డ్రైవున అదే గేము మొదట పరుగెత్తి పిదప ఈడ్చుకొనిపోవును. దిగిన తరువాత ఆడుటలో చెప్పుకొనదగిన భేదముండదు.

చల్లని సమాచారమునకు తనదైన వ్యాధి యొకటి కలదు. 2014లో సామ్‌సంగ్ 840 ఈవో డ్రైవులలో, మాసముల తరబడి కదలక పడియున్న ఫైళ్లు చదువుటలో విపరీతముగా నెమ్మదించుట బయటపడినది. నిలువ యున్నకొలది కణములలోని విద్యుత్‌స్థాయి మెల్లగా జాఱుచుండగా, దానిని పోల్చుకొనుటకు కంట్రోలరు మాటిమాటికి ప్రయత్నింపవలసివచ్చినది. ఆ యేటి అక్టోబరులో ఒకటి, మఱుసటి యేట ఇంకొకటి, సాఫ్ట్‌వేరు సవరణలు వచ్చినవి. ఆడక విడిచిన గేములు ఈ వ్యాధికి మొదటి పాత్రములు. కాని దోషము నిండుదనమున లేదు, నిలువలో నున్నది.

ఇప్పటి గేములయందు నిజమైన చిక్కు తాజాకరణమువలన వచ్చును. స్టీమ్ వంటి దుకాణమునుండి సవరణ వచ్చినపుడు, చిన్న మార్పునకే పెద్ద ఫైలు పాతది ఉండగా క్రొత్తది ప్రక్కనే కట్టబడి, పిమ్మట పాతది తొలగింపబడుట కలదు. డ్రైవు క్రిక్కిఱిసియున్నచో ఆ కట్టుబడికి చోటు చాలదు. చాలినను, వేగపు జాగా కుంచించుకొనియున్నందున, ఊడ్పుపనియు వ్రాతపనియు ఒక్కసారి మీదపడి, ఆ సమయమున తెఱచిన తక్కిన ఫైళ్లును వేచియుండవలసివచ్చును. విండోసు, గేములు ఒకే డ్రైవున నున్నవారికి ఈ బాధ ఎక్కువ. గేములకే వేఱుగా ఒక డ్రైవు పెట్టుకొన్నవారు దానిని తొంబదిపాళ్లు నింపినను ఆటలో లోపమెఱుగరు. ఇద్దఱికిని ఒకే హితవు చెప్పుట తగదు. 1 టీబీ డ్రైవున విండోసు కూడ నున్నచో నూఱు, నూటయేబది జీబీలు విడిచియుంచుట మేలని నా యభిప్రాయము. వట్టి గేముల డ్రైవైనచో, రాబోవు సవరణలో అతి పెద్దదానికి పట్టునంత జాగా మిగిలిన చాలును.

వేడి సమాచారమేదో చల్లనిదేదో కంప్యూటరే డ్రైవునకు వేర్వేఱు మండలములుగా పంచియిచ్చు పద్ధతి యొకటి 2020లో, ఎస్‌ఎస్‌డీలు కంప్యూటరుతో సంభాషించుటకైన ఎన్‌వీఎంఈ ప్రమాణమున చేరినది. రోజెన్‌బ్లమ్, ఔస్టర్‌హౌట్ కోరిన వేర్పాటు దీనిచే ఫ్లాష్‌కు నేరుగా సంక్రమించినది. అట్టి డ్రైవులలో ఊడ్పునకై దాచవలసిన గుప్తపు జాగాయు చాలవఱకు అక్కఱలేదు. ఆ యేర్పాటు ప్రస్తుతము పెద్ద పెద్ద డేటా కేంద్రములలోనే వాడబడుచున్నది. ఇంటి కంప్యూటరులో మాత్రము, ఏది మాసముల కొలది కదలని గేమో, ఏది నిమిషనిమిషము మాఱు ఫైలో, కంట్రోలరు తనంతట తానే ఊహించుకొనవలసియున్నది.